ఆపరేషన్ బయోడేటా

"ఈసారి నీ డ్యూటీ, ఉద్యోగం వెతుక్కోవడమే" అన్నాడు చీఫ్.

అందులో ఎగతాళి లేదని మొగులయ్యకు తెలుసు. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎగతాళి చేసేంత చనువు ఎవరికీ ఉండదు. సీక్రెట్ ఏజెంటుకు మొగులయ్య ఏం పేరని మీరు నవ్వుకుంటే నవ్వుకోండి. కొలంబోలో అతను కామరాజు, దుబాయ్‌లో ఖాదర్. అసలు పేరుతో పిలిచే మనిషి లేక చాలా ఏళ్లయింది.

2001 అక్టోబర్ నెలాఖరు. దసరా వెళ్లి మూడు రోజులైంది.

"బీరంగూడ పక్కనున్న ప్రభుత్వ కర్మాగారంలో వి.ఆర్.ఎస్. తీసుకున్న ఇంజినీర్లకు ఒక విదేశీ ముఠా వల వేస్తోంది" అన్నాడు చీఫ్. "దొంగతనం లేదు, బెదిరింపు లేదు. ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఇన్నాళ్లూ ఏం పని చేశారో చెప్పమంటారు. వీళ్లు చెప్పేస్తారు."

"గట్లెట్ల చెప్తరు సార్?"

"యాభై దాటి ఇంట్లో కూర్చున్నవాణ్ణి నీ పని గురించి చెప్పమని అడిగే దిక్కెవరు? అడిగితే ఆగుతాడా?"

మొగులయ్యకూ యాభై దాటాయి.

"వాళ్ల నెక్స్ట్ టార్గెట్ నరసరాజు. యుద్ధనౌక టర్బైన్ బ్లేడ్ల ఫార్ములా ఆయన తలలో ఉంది. అది బయటికి పోకూడదు. ఇంటర్నెట్‌లో ఎంప్లాయర్ డేటాబేస్ ఉంది, మన వివరాలిస్తే సరిపోయే కంపెనీ చూపిస్తుంది. పటాన్‌చెరు నుంచి జిన్నారం దాకా కంపెనీలన్నీ అందులో ఉన్నాయి. వాటిలో దొంగ కంపెనీ ఏదో పట్టుకో." చీఫ్ ఫైలు మూసి, "ఇదే నీ ఆఖరి మిషన్. మనకూ వి.ఆర్.ఎస్. వచ్చింది" అన్నాడు.

మొగులయ్య ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకున్నాడు. పొద్దున పటాన్‌చెరు ఇంటర్నెట్ సెంటర్‌లో డేటాబేస్ తెరిచి కంపెనీ పేరు, ఏం తయారుచేస్తుంది, ఎందరు పనిచేస్తారు అన్నీ చదివేవాడు. మధ్యాహ్నం ఆ కంపెనీ గేటు ముందు టీ బండి దగ్గర నిలబడేవాడు. కంప్యూటర్ చెప్పని సంగతులు టీ బండి చెప్పేది. ఎవరికి జీతాలు ఆగాయో, ఏ సూపర్‌వైజర్ కోపిష్టో అన్నీ తెలిసేవి. మూడో కప్పుకు "మీ అసొంటోళ్లకు ఈడ నౌకరి దొరకది సారూ" అని జాలి కూడా దొరికేది. నటన కోసం వచ్చిన మనిషికి ఆ జాలి నిజంగానే గుచ్చుకునేది.

జిన్నారం దారిలో వెర్డాన్ టర్బోటెక్. డేటాబేస్ లెక్కన నూట ఎనభై మంది వర్కర్లు. గేటు ముందు ఒక్క టీ బండి లేదు.

నూట ఎనభై మంది టీ తాగకుండా బతికే కంపెనీ ఈ బెల్ట్‌లో ఎక్కడుంది? మొగులయ్య అదే రోజు అక్కడ అప్లికేషన్ పెట్టాడు.

మర్నాడు చీఫ్ ఫోన్. "వెర్డాన్ హెచ్.ఆర్. మేనేజర్ హైమావతి మాట్లాడింది. ఒకప్పుడు మన ఇన్ఫార్మరే. నిన్నూ నరసరాజునూ కలిపి ఇంటర్వ్యూకు పిలుస్తుంది. గదిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. రోడ్డు మీద వ్యాన్‌లో ముఠా నాయకుడు వింటుంటాడు. నీకిచ్చిన జామర్ పెన్ను క్యాప్ తీసి ఆ ట్రాన్స్‌మిటర్‌కు జానెడు దూరంలో పెడితే సిగ్నల్ చస్తుంది. ఏమైందో చూడ్డానికి వ్యాన్ గేటు దగ్గరికి రాక తప్పదు. అక్కడ మనవాళ్లుంటారు."

"ట్రాన్స్‌మిటర్ ఏడుంది?"

"గోడ గడియారంలో అని చెప్పింది."

ఇంటర్వ్యూ రోజు ఇద్దరినీ షెడ్డు గుండా లోపలికి తీసుకెళ్లారు. లేతు మెషిన్లు వరసగా తళతళలాడుతున్నాయి. ఆ తళుకు మొగులయ్యకు నచ్చలేదు. ఎందుకో వెంటనే తట్టలేదు.

నెమలికంఠం రంగు పట్టుచీర, తలమీదికి నెట్టిన నల్లకళ్లద్దాలు. హైమావతి నవ్వితే గదిలో ఏసీ అవసరం లేదు.

"కంపెనీ బస్సు కావాలా?" చీఫ్ ముందే చెప్పిన కోడ్ మాట అడిగింది.

"నడిసే అలవాటుంది మేడమ్."

ఆమె కళ్లు గడియారం వైపు తిరిగి వచ్చాయి. నరసరాజు ఇస్త్రీ చొక్కాతో, సర్టిఫికెట్ల ఫైలును ఒళ్లో పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాడు.

"మీ పని గురించి చెప్పండి, రాజుగారూ."

అంతే. ఆయన ముఖం విప్పారింది. "ఇరవై ఏళ్లపైనే ఆ ఫౌండ్రీలో ఉన్నానండీ. మా ఆవిడ పోయాక ఇవన్నీ వినే మనిషే లేదండీ..." బ్లేడు పోతపోయడం నుంచి మొదలుపెట్టాడు. మొగులయ్య పెన్ను తీసుకుని, గడియారం కిందికి వెళ్లబోతూ బల్లవైపు చూశాడు.

బల్ల మీద నరసరాజు ఎదురుగా స్టీలు ఫ్లాస్కు ఉంది. టీ మాత్రం పక్కగది నుంచి గ్లాసుల్లో వచ్చింది. ఫ్లాస్కు అడుగున కాస్త పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

షెడ్డులో ఏం తక్కువైందో అప్పుడు తట్టింది. దసరా వెళ్లిన పది రోజులకు కూడా ఈ చుట్టుపక్కల తూకం మెషిన్‌కూ, వాచ్‌మన్ సైకిల్‌కూ బొట్టు ఉంటుంది. అక్కడ ఒక్క లేతుకూ లేదు. కంపెనీ మొత్తానికి ఆయుధ పూజ జరిగింది ఈ ఫ్లాస్కుకే. టీ పోయని ఫ్లాస్కుకు ఎవరు పూజ చేస్తారు, అది ఆయుధమైతే తప్ప? ట్రాన్స్‌మిటర్ దీన్లోనే ఉంది; హైమావతి ముఠా మనిషే, గడియారం మాట తనను అటు మళ్లించడానికే.

"రహస్యం లోహంలో లేదండీ, చల్లార్చడంలో ఉంది. మొదట..."

మొగులయ్య పెన్ను క్యాప్ తీసి ఫ్లాస్కుకు ఆనించాడు. హైమావతి నవ్వు ఆగిపోయింది. నరసరాజు నోట మిగతా మాట వెలువడేసరికి వినేవాళ్లు ఆ గదిలోవాళ్లే. కాసేపటికి గేటు దగ్గర వ్యాన్ బ్రేకు చప్పుడు, పోలీసు విజిల్ వినిపించాయి.

"గడియారం దగ్గరికి ఎందుకు వెళ్లలేదు?" ఆమె నెమ్మదిగా అడిగింది.

అతను బొట్టు చూపించాడు. ఆమె దాన్ని వేలికొనతో తడిమింది.

"పండగ రోజు ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నాను. అమ్మ కుట్టుమిషన్‌కు పెట్టేది. చెయ్యి ఊరుకోలేదు. మీరు దేనికి పెట్టారు?"

పండగ రోజు మొగులయ్య తలుపు వేసుకుని పడుకున్నాడు.

పోలీసులు ఆమెను తీసుకెళ్లాక నరసరాజు బిక్కమొహంతో, "మరి నా ఉద్యోగం అండీ? పోనీ, ఆ చల్లార్చే సంగతైనా పూర్తిగా వినండి" అన్నాడు.

"నాకు చెప్పకున్రి సార్. ఎవ్వరికీ చెప్పకున్రి."

తన సర్వీసులో అంత క్రూరమైన మాట ఎవరితోనూ అనలేదనిపించింది మొగులయ్యకు.

గదికి చేరేసరికి ఇంటి యజమానురాలు సత్తెమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. "నౌకరి దొరికిందా సారూ?"

"లేదమ్మా."

"ఇగ ఎన్నొద్దులు తిరుగుతరు? గా కంప్యూటర్ల జెర మంచిగ సూడున్రి."

మర్నాడు నిజంగానే వెళ్లి కూర్చున్నాడు. మొదటిసారి తన అసలు పేరు టైప్ చేశాడు. అనుభవం అడిగిన చోట, ఒంటరిగా పనిచేయగలను, రహస్యం దాచగలను అని రాసి బటన్ నొక్కాడు.

డేటాబేస్ చాలాసేపు వెతికి, అతనికి సరిపోయే కంపెనీ ఒక్కటే చూపించింది. వెర్డాన్ టర్బోటెక్, జిన్నారం రోడ్డు. వెంటనే సంప్రదించండి.