తాళం వేసి ఉన్న ఇల్లు

పొద్దున్న ఏడు గంటలకల్లా లెక్కల మాస్టారు భోజనాల బల్లంతా జనాభా లెక్కల పుస్తకాలతో నింపేశారు. బడికి సెలవులిచ్చినా ఆయనకు సెలవు దొరకలేదు. మనుషుల్ని లెక్కపెట్టడానికి లెక్కలు చెప్పేవాడి కన్నా తగినవాడెవడని హెడ్‌మాస్టరు ఆయన పేరే రాసి పంపారు. మాస్టారు పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయారు. దొంగ లెక్క చేసిన పిల్లవాణ్ణల్లా ముప్పై ఏళ్ళుగా బల్లెక్కిస్తున్న మనిషి, ఈ పని ఇంకెవరికి అప్పగిస్తారు మరి.

ఆయన వంతుకు నాలుగు పాత వీధులు, వాటి వెనకున్న కొత్త కాలనీ వచ్చాయి. పాత వీధులు రెండు రోజుల్లో తేలిపోయాయి. అక్కడంతా ముసలివాళ్ళు, అందరూ తెలిసినవాళ్ళు. అడగకుండానే సగం కాగితం నిండేది. కొత్త కాలనీ అలా కాదు. పదేళ్ళ కిందట ఖాళీ పొలాలుండేచోట ఇప్పుడు పదకొండు అపార్టుమెంట్లు లేచాయి. గడప గడపకీ చంటిపిల్లలు, ఒక్కో వాటాలో నలుగురేసి ఉద్యోగం కుర్రాళ్ళు. 'పుట్టిన ఊరు' అన్న గడిలో ఈ ఊరి పేరు రాసే అవకాశం మాస్టారికి మూడొందల ఇళ్ళ మీద పదమూడుసార్లే వచ్చింది.

"ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి పడ్డారు. మన ఊళ్ళో మనమే తక్కువైపోయాం" అన్నారాయన, కాఫీ తెచ్చిన భార్యతో.

"నేనూ వచ్చిపడ్డదాన్నేగా. మన ఇంటి కాగితంలో నా పుట్టిన ఊరు ఏం రాశారు?"

"నీ సంగతి వేరు."

"వేరే. నన్ను మీరు వెళ్ళి తెచ్చుకున్నారు" అని ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఇంకా ఎన్ని ఇళ్ళు మిగిలాయి?"

"అయిపోయినట్టే. తాళం వేసి ఉన్నవి ఆరు."

ఇంతలో ఫోను మోగింది. సూపర్‌వైజరు. ఒకప్పుడు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే. ఇవాళ సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు. తాళం వేసి ఉన్న ఇళ్ళన్నీ మాస్టారితో కలిసి ఒకసారి తిరిగి చూడాలట, పైనుంచి ఉత్తరువట. "మీవి చూడక్కర్లేదు సార్, అయినా రూలు కదా" అని నవ్వాడు కూడా. మాస్టారు నవ్వలేకపోయారు.

ఫోను పెట్టేసి తిరిగేసరికి భార్య చేతిలో పుస్తకం ఉంది. వేలితో ఒక్కో వరుసా చూస్తూ కిందికి దిగుతోంది. ఆరో వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

ఏడో అపార్టుమెంటు, మూడో అంతస్తు, రెండో వాటా. మొదటిసారి వెళ్ళినప్పుడు తాళం. రెండోసారి తాళం. మూడోసారి, రాత్రి ఏడున్నరకి, తాళం. పక్కన మాస్టారి గుండ్రటి అక్షరాల్లో మూడు తేదీలు.

"ఇది అమ్మాయి ఇల్లు" అందావిడ.

మాస్టారు కాఫీ గ్లాసు అందుకున్నారు.

"మూడు రోజులు సెలవు పెట్టి కూచుందండీ అది. ల్యాబులో సెలవు దొరకదని ఏడ్చే పిల్ల. పక్క వాటాకి వచ్చి వెళ్ళారట, ఎదురు వాటాకి వచ్చి వెళ్ళారట. నాన్న మా ఇంటికి ఎప్పుడొస్తారమ్మా అని రోజూ మధ్యాహ్నం నాకు ఫోను. వస్తారులే, వరసలో వస్తారులే అని నేను చెప్పడం. తలుపు తీసిపెట్టుకుని కూచున్న దాని ఇంటికి తాళమని రాశారా?"

"వెళ్ళాననుకో, ఏమని అడగను?"

"అందర్నీ అడిగిందే అడగండి."

"పెళ్ళి చేసుకుని మన మొహం చూడకుండా పోయిన పిల్లని..."

"ఎవరు పొమ్మన్నారో నేను చెప్పను. నాకెందుకు" అని ఆవిడ పుస్తకం ఆయన ముందుకి తోసింది. "సాయంత్రం మీ శిష్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్తారుగా. తలుపు అదే తీస్తుంది. అప్పుడు ఆ పిల్లాడికి ఏం చెబుతారో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి. వాడి ముందు తలదించుకుంటే దించుకున్నారు. దాని ముందు తలదించుకునే అవకాశం మాత్రం మళ్ళీ రాదు."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మాస్టారు కాఫీ సగం తాగి వదిలేశారు. సూపర్‌వైజరు సంగతి ఎలాగోలా సర్దుకోవచ్చు, పొరపాటని చెప్పవచ్చు. కూతురు మూడు రోజులు గుమ్మంలో కూచున్నదన్న మాటే ఆయనకు మింగుడుపడలేదు.

అల్లుడు లిఫ్టు మెకానిక్కు. అపార్టుమెంట్లతోపాటే ఈ ఊరికి వచ్చినవాడు. ఎవరి పిల్లాడో, ఏ ఊరివాడో తెలియదన్నది మాస్టారి అభ్యంతరం. ఏడాదిన్నరగా ఎవరడిగినా "పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది" అని ఒకే ముక్కలో తేల్చేస్తున్నారు. అని అని ఆయనకే అది నిజమైపోయింది.

పన్నెండింటికి ఆయన మూడో అంతస్తు ఎక్కారు. లిఫ్టు ఉన్నా మెట్ల మీదే వెళ్ళారు. తలుపు బార్లా తీసే ఉంది. కూతురు లేచి నిలబడి, "రండి" అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయన కుర్చీ అంచున కూచుని పుస్తకం విప్పారు. నువ్వు అనాలో మీరు అనాలో తోచక ముక్కలు ముక్కలుగా అడగడం మొదలుపెట్టారు.

"ఉండేది ఎంతమంది?"

"ఇద్దరం."

"కుటుంబ పెద్ద?"

"ఇద్దరమూ అంటే మీ పుస్తకం ఒప్పుకుంటుందా?"

"ఒక్కరే ఉండాలి."

"అయితే నా పేరు రాయండి. ఆయన ఎప్పుడూ ఏదో ఒక లిఫ్టులోనే ఉంటారు. ఇల్లు నడిపేది నేనేగా."

పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఆయన అడగకుండానే రాసుకున్నారు. ఈ కాలనీలో పద్నాలుగోసారి ఆ గడిలో ఈ ఊరి పేరు పడింది. అల్లుడి వివరాలు ఆమె ఒక్కొక్కటే చెబితే ఒక్కొక్కటే రాశారు. తల్లిదండ్రులు లేరని, పన్నెండో ఏట నుంచి పనిలో ఉన్నాడని ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఇంతకు ముందు ఆర్నెల్లకి పైగా ఉన్న ఇల్లు?"

"మీది."

"అక్కణ్ణుంచి మారడానికి కారణం" అని చదివి, ఆయనే "పెళ్ళి" అంటూ కలం ఆ గడి మీద పెట్టబోయారు.

"నేను చెప్పలేదు కదా నాన్నా. చెప్పిందే రాయాలన్నది రూలేనా?"

కలం ఆగింది.

"పెళ్ళి మీ ఇల్లు వదిలిన ఇరవై రెండు రోజుల తర్వాత అయింది. అన్ని రోజులూ హాస్టల్లో ఉన్నాను. ఇల్లు వదలకముందే, మీరు ఒప్పుకునేదాకా ఆగుదామని ఆయన అంటే సరేనన్నాను. ఆ మాట చెబుదామనే ఆ రోజు మీ దగ్గరికి వచ్చాను. మీరు విన్లేదు. నా పెట్టె తెచ్చి వీధిలో పెట్టి పొమ్మన్నారు." ఆమె ఆ గడి మీద వేలు పెట్టింది. "పెళ్ళి చేసుకుని పోలేదు నేను. మీరు పొమ్మంటే పోయాను."

మాస్టారికి ఆ పెట్టె బరువు అరచేతిలోకి వచ్చినట్టయింది. నిజమే. గడప దాటించింది తన చేతులే. కాగితం మీద ఐదు గడులున్నాయి: ఉద్యోగం, చదువు, పెళ్ళి, కుటుంబంతో రావడం, ఇతరం. ఆయన ఇతరానికి ఎదురుగా గుర్తు పెట్టి, వివరం రాయమన్న గీత మీద నెమ్మదిగా రాశారు: తండ్రి పొమ్మన్నాడు.

కూతురు వంగి చదివింది. "సూపర్‌వైజరు చూస్తారు నాన్నా."

"చూడనీ." ఆయన జాబితాలో ఆరో వరుసకి తిప్పి, అక్కడ రాసిన మూడు 'తాళం' మాటలనూ ఒక్కొక్కటే కొట్టేసి, ప్రతిదాని పక్కనా సంతకం పెట్టారు. "తలుపు తీసే ఉందని తెలిసీ రాశానమ్మా. కిందే నిలబడి, నీ కిటికీలో దీపం చూస్తూనే రాశాను. పిల్లల్ని ఇంతకన్నా చిన్న తప్పుకి బల్లెక్కించాను. నన్ను క్షమించు తల్లీ."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అదీ చాలక కళ్ళు తుడుచుకున్నారు. ఏడాదిన్నరగా బిగబట్టుకున్న ఏడుపు కూతురికి అప్పుడు వచ్చింది. ఆయన మోకాలి పక్కన నేల మీద కూచుని, చిన్నప్పుడు తప్పు లెక్క చూపించడానికి భయపడి ఏడ్చినట్టు ఏడ్చింది. ఆయన తల నిమురుతూ కూచున్నారు.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుని, వివరాల కింద సంతకం చేసి పుస్తకం తిరిగి ఇచ్చింది.

"ఆయన ఒంటిగంటకి భోజనానికి వస్తారు. ఆయన్ని అడగాల్సినవి ఏమైనా మిగిలాయా నాన్నా?"

మాస్టారు కాగితం చూశారు. అన్ని గడులూ నిండిపోయి ఉన్నాయి.

"మిగిలాయమ్మా" అని ఆయన పుస్తకం మూసి పక్కన పెట్టేశారు. కుర్చీలో వెనక్కి జరిగి సరిగ్గా కూచున్నారు.