తొంభై ఎనిమిది శాతం తిరుపతి

ఉదయం 5:40. ఖాజాగూడ చెరువు దగ్గర రోడ్డు ఊడుస్తున్న వీరలక్ష్మిని ఒక ఆఫీసు క్యాబ్ గుద్దేసి, ఆగకుండా పోయింది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది.

క్యాబ్ దొరికింది. నడిపిందెవరు?

దాన్ని నడిపేది ఇద్దరే. డ్రైవర్ తిరుపతి, అవసరానికి సూపర్‌వైజర్ సురేంద్ర. జ్వరంతో డ్రైవర్ల గదిలో పడుకున్నానన్నాడు తిరుపతి. చూసినవాళ్లు లేరు. ఇంట్లో నిద్రపోతున్నానన్నాడు సురేంద్ర.

క్యాబ్ కంపెనీ అనలిస్టు పార్థసారథి సెన్సర్ డేటా తెచ్చాడు. బ్రేకు, మలుపు, కుదుపు చూసి డ్రైవరెవరో తేల్చే పద్ధతులు రెండింటిని పోల్చాడట. పరీక్షలో మొదటిదానికి 98 శాతం, రెండోదానికి 71. మొదటిది తిరుపతి పేరు చెప్పింది. ఆ అంకె వినగానే స్టేషనంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టు అటే నడిచింది; రెండోదాన్ని ఎవరూ అడగలేదు.

సాయంత్రం తిరుపతిని కోర్టుకు పంపాలి. ఎస్సై కృష్ణప్రియ భోజనం వదిలేసి బయటికొచ్చింది. మెట్ల మీద అతని భార్య పుణ్యవతి టిఫిన్ డబ్బాతో కూర్చునుంది.

"మిషిన్ అబద్ధమాడదంట గదా మేడం?"

కృష్ణప్రియ లోపలికెళ్లి పార్థసారథి ఎదుట కూర్చుంది.

"పరీక్ష ఎలా పెట్టారు?"

"ట్రిప్పులన్నీ సెకన్ల ముక్కలుగా కోసి కలగలిపామండి. కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకి."

"ఒకే ట్రిప్పు ముక్కలు రెండు పక్కలా ఉన్నాయా?"

"ఉంటాయండి. అందరూ చేసేదే."

"తిరుపతి ఎక్కువగా ఏ రోడ్డు?"

"ఖాజాగూడ."

"సురేంద్ర?"

"గచ్చిబౌలి."

ఆమె సురేంద్రను పిలిపించి, పక్కన కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి, అదే క్యాబ్‌ను ఖాజాగూడ రోడ్డు మీద నడిపించింది. నాలుగింటికి అందరి ముందూ ఆ డేటాను మొదటి పద్ధతికి ఇచ్చారు.

తెర మీద పేరు పడింది. తిరుపతి.

"లాకప్‌లో ఉన్నవాడు బండెలా నడిపాడండీ?" అంది కృష్ణప్రియ.

పార్థసారథి ముఖం పాలిపోయింది.

"ఇది పట్టుకున్నది మనిషిని కాదు, ఖాజాగూడ గుంతల్ని. చదివించిన ప్రశ్నలే పరీక్షలో ఇస్తే మొద్దు కూడా ఫస్టే వస్తాడు. ఒక రోడ్డు మీద నేర్పి, దాచిపెట్టిన రెండో రోడ్డు మీద పరీక్షించండి."

మొదటి పద్ధతి 44కి పడిపోయింది. రెండోది 69 దగ్గర నిలబడింది. చావు జరిగిన ట్రిప్పుకు అది సురేంద్ర పేరు చెప్పింది.

"69 శాతంతో ఎవర్నీ జైలుకు పంపను సురేంద్రా. కానీ 98 అనగానే నీ ఫోన్ ఎక్కడుందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూశాను. 5:40కి అది నీ ఇంట్లో లేదు, ఖాజాగూడ సెల్ టవర్ కింద ఉంది."

సురేంద్ర తల వాల్చేశాడు. "కునుకు పట్టింది మేడం..."

తిరుపతి బయటికొచ్చాడు. పుణ్యవతి అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"ఏమైందే?"

"పొద్దుగాల నిజం చెప్పుమని నిన్ను అడిగిన గదా. మిషిన్ చెప్పిందని నేను గూడ నమ్మిన."

తిరుపతి ఆమె చేతిలోని డబ్బా తీసుకుని, మెట్ల మీదే కూర్చుని మూత తీశాడు.