నీలం రంధ్రంలో పిన్ను

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అమ్మ. అందరికంటే ముందు అలిగేది సౌండ్ కార్డు.

నాన్నది పాత క్యాసెట్ల పని. జనం అటకల మీంచి దించి తెచ్చిన టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, బుసలూ కీచులూ తీసేసి శుభ్రమైన కాపీ చేసి ఇస్తాడు. హాలు పక్క చిన్న గదే ఆయన దుకాణం. బల్ల మీద టేప్ రికార్డరు, వదులైన రీళ్ళు చుట్టడానికి ఓ పెన్సిలు, రెండు స్పీకర్లు ఉంటాయి. వీధిలో అందరూ ఆయన్ని 'చెవులాయన' అంటారు. ఆ మాట వింటే ఆయన నడకలో కాస్త ఠీవి వస్తుంది.

కంప్యూటర్లో లినక్స్ ఎక్కించింది కూతురు. ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఇంజినీరు. అందుకని మోత మోగకపోతే తిట్లన్నీ ఆమె ఖాతాలోకే.

"ఇంజినీరమ్మా, నీ లినక్స్ మళ్ళీ మూగనోము పట్టింది," అన్నాడు నాన్న ఆ శనివారం టీ తాగుతూ.

నెల నుంచీ ఇదే వరస. ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు. ఈ గొడవలో ఆ వీధి పంతులమ్మ ఇచ్చిన టేపు చిక్కుకుపోయింది. ఆవిడ తండ్రి చనిపోకముందు చెప్పిన కథలు అందులో ఉన్నాయి. మొదటి కాపీ వెనక్కి తెచ్చి, గొంతు వెనకాల సన్నగా ఏదో కూత వినిపిస్తోందండీ అని మొహమాటంగానే చెప్పింది. అదంతా సౌండ్ కార్డు నిర్వాకమని నాన్న నచ్చచెప్పాడు. సాయంత్రం ఆవిడ మళ్ళీ వస్తుంది. ఈసారీ కాకపోతే టేపు ఇంకెక్కడికైనా తీసుకుపోతుంది. అది జరిగితే చెవులాయన ఆ వీధిలో తలెత్తుకుని తిరగలేడు.

నాన్న కాసేపు నడిచొస్తానని వెళ్ళగానే కూతురు కంప్యూటర్ ముందు కూర్చుంది. విసుగుతోనే మొదలుపెట్టింది గానీ, చిక్కుముడి కనిపిస్తే ఆమెకి విసుగు నిలవదు. ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, నీ దగ్గర ఎన్ని సౌండ్ కార్డులున్నాయని యంత్రాన్నే అడిగింది. రెండున్నాయంది. ఒకటి కంప్యూటర్ పెట్టెలోది, ఇంకొకటి మానిటర్లోది. పొద్దున ఏది ముందు లేస్తే శబ్దమంతా దానికే పోతోంది. ఆ మానిటర్‌కేమో స్పీకర్లే లేవు. ఇక పలకడమెలా? పెట్టెలోదే ముందుండాలని సెట్టింగు రాసి పెట్టింది. కంప్యూటర్ ఆపి, మళ్ళీ మళ్ళీ పెట్టి చూసింది. ప్రతిసారీ పలికింది. ఈలవేసుకుంటూ స్నానానికి వెళ్ళింది.

తిరిగొచ్చి చూస్తే చప్పుడు లేదు.

ఈసారి నిజంగా కుతూహలం పుట్టింది. తెర మీద శబ్దం హెచ్చుతగ్గులు చూపే మిక్సర్ తెరిచింది. ఏదీ మ్యూట్‌లో లేదు. పాట నడుస్తోంది, తెర మీద ఆకుపచ్చ గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. అంటే కార్డుదాకా అంతా బాగానే ఉంది. ఇక మిగిలింది వైరు. పెట్టె వెనక్కి వంగి చూసింది. స్పీకర్ల పిన్ను ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. పక్కనున్న నీలం రంధ్రంలో ఉంది. చుట్టూ దుమ్ము అప్పుడే తుడిచినట్టుంది.

గుడ్డ తగిలితే పిన్ను ఊడుతుంది. ఊడినది తనంతట తాను పక్క రంధ్రంలోకి దూరదు.

వంటింట్లోకి వెళ్ళి, పిన్ను ఎందుకు మార్చావని అడిగింది. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"నెలంతా నా బుర్ర తిన్నారు ఇద్దరూ," అంది కూతురు. "నాన్న పని చెడగొడుతున్నది నువ్వా?"

అమ్మ పొయ్యి కట్టేసి, చెయ్యి తుడుచుకుని, గదిలోకి నడిచింది. పిన్ను సరిచేసి, నాన్న రెండోసారి చేసిన కాపీ పెట్టింది. ఓ ముసలాయన కథ చెబుతున్నాడు. ఆ గొంతు వెనకాల సన్నటి కూత, చెవిలో సూది గుచ్చినట్టు.

"వినిపిస్తోందా?"

"వినిపించకేం? చెవి కోసేస్తోంది."

"మీ నాన్నకి వినిపించదు."

కూతురికి ఒక్కక్షణం అర్థంకాలేదు. అమ్మే చెప్పుకుపోయింది. ఈ కాపీ పూర్తిచేసి ఆయన కళ్ళు మూసుకుని విన్నాడట, ఎంత శుభ్రంగా వచ్చిందో చూడు అని మురిసిపోయాడట. కార్డు నిజంగా మొరాయించిన రోజుల్లో మాత్రం దాన్ని తిట్టుకుంటూ హాయిగా ఉన్నాడట. అందుకే అది పలికే రోజుల్లో తనే పిన్ను మార్చేస్తోందట.

"కార్డు చెడిపోయిందంటే ఆయనకి కోపం వస్తుంది, అంతే. చెవి చెడిపోయిందంటే మనిషే కుంగిపోతారు. ఆ మాట నా నోటితో ఎలా చెప్పనే?"

గుమ్మంలో చెప్పులు విడిచిన అలికిడి. నాన్న. మామూలు మాటలు ఆయనకి బాగానే వినిపిస్తాయి. ఇప్పుడూ వినిపించాయి.

లోపలికి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. దీన్ని తేల్చే పరీక్ష ఏదైనా ఉంటే పెట్టమన్నాడు. కూతురు బొంగురు శబ్దంతో మొదలుపెట్టి మెల్లగా శ్రుతి పెంచుతూ సన్నటి కూతదాకా తీసుకెళ్ళింది. వినిపిస్తున్నంతసేపూ ఆయన వేలెత్తి ఉంచాడు. కాసేపటికి వేలు దిగింది. అమ్మా కూతురూ ఇంకా మొహాలు చిట్లించుకునే ఉన్నారు.

"ఆపేశావా?" అన్నాడు.

నాన్న తెరవైపు చూశాడు. ఆకుపచ్చ గీత ఇంకా ఎగురుతూనే ఉంది.

"మీ అమ్మ పిన్ను మార్చడం మొన్న నేను చూశాను," అన్నాడు. "సరిచెయ్యడం రాక ఊరుకోలేదమ్మా. నింద కార్డు మీద ఉంటే నాకూ బాగుండింది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురికీ కళ్ళు నిండాయి. పొద్దున తను వేసిన ఈల గుర్తొచ్చి సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుని, శబ్దాన్ని బొమ్మగా చూపించే ప్రోగ్రాం తెరిచింది. బొంగురు శబ్దాలు కింద, సన్నవి పైన. ముసలాయన గొంతు కింద మబ్బుల్లా పరుచుకుంది. పైన మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే తిన్నటి గీత.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగాడు. వేలు ఆ గీత వెంట నడిపించాడు.

"ఇదేనా?"

"అదే నాన్నా."

"ఇంత లావున ఉందే!"

ఆయన గీతని కొద్దిగా కోసేవాడు, ఇప్పుడెలా ఉందని అమ్మని అడిగేవాడు. ఇంకా ఉందనేది. ఇంకాస్త కోసేవాడు. ఒకచోట కూతురు తొందరపడి ఎక్కువ కోయబోతే చెయ్యి పట్టి ఆపాడు, గొంతు మొద్దుబారుతుందని. అది ఆయన చెవికి తెలిసింది. వాళ్ళిద్దరికీ తెలియలేదు. అన్నం చల్లారిపోయినా ఎవరూ లేవలేదు.

సాయంత్రం పంతులమ్మ వచ్చింది. వినిపించకముందే నాన్న చెప్పేశాడు, పాపం కార్డుది తప్పేం లేదమ్మా, నా చెవే కాస్త తగ్గింది, మా ఆవిడ వింది, నేను కోశాను అని. పంతులమ్మ తలూపి వినడం మొదలుపెట్టింది. కథ అయిపోయాక కళ్ళు తెరవకుండానే, ఇంకొక్కసారి పెట్టండి అంది.

మర్నాడు పొద్దున అమ్మ అలవాటుగా గుడ్డ పట్టుకుని కంప్యూటర్ వెనక్కి వెళ్ళబోయింది. నాన్న గుడ్డ అందుకున్నాడు. తన కుర్చీ పక్కన అప్పటికే ఇంకో కుర్చీ వేసి ఉంది.

"అక్కడ నేను తుడుస్తాలే. నువ్విలా వచ్చి కూర్చో. ఈ టేపులో నాకు వినపడనిది ఏముందో చెప్పు."