పదకొండో సెకను

ఆ లైబ్రరీ వెనకాల ఉన్న కాపీల గదికి మంచి పేరు లేదు. రాత్రి రెండుంపావుకి అక్కడ గంట మోగుతుంది... ఒక్కసారే. పరుగెత్తుకెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. మెషీను తన మానాన తాను తిరుగుతూ ఉంటుంది. ఆ గంట విని ఒకాయన పగటి పనికి మార్పించుకున్నాడు. ఇంకొకాయన చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాడు. వాటి కోసమైనా మళ్ళీ రాలేదు.

వాళ్ళ తర్వాత చేరింది మా మేనత్త. మామయ్య పోయి అప్పటికి ఏడాది. ఇద్దరు ఆడపిల్లల చదువూ ఆ ఉద్యోగం మీదే. ఇదంతా ఆమె నోట విన్నదే. ఎన్నిసార్లు చెప్పించుకున్నా ఒక్క ముక్క అటూ ఇటూ అయ్యేది కాదు. అందుకే మా ఇంట్లో ఎవరూ దీన్ని కథ అనరు.

అది చూపులేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి టేపుల్లోకి ఎక్కించే చోటు. పగలు చదివించేవాళ్ళు. రాత్రిళ్ళు అసలు టేపు ఒక మెషీనులో, ఖాళీ టేపు పక్క మెషీనులో పెట్టి కాపీలు తీసేవాళ్ళు. అప్పుడు నడుస్తున్నది ఒక నవల. చదివింది రిటైరైన ఒక మాస్టారు. ఆఖరి పేజీ చదివిన వారానికే ఆయన పోయారు. నలభై ఊళ్ళకి నలభై కాపీలు, రోజూ ఒకే వేళకి మొదలుపెట్టి రాత్రికొకటి. ఆరు పూర్తయ్యేసరికే ఇద్దరు మనుషులు అయిపోయారు.

మెషీనుకి మూడు సెన్సర్లు. టేపు తెగితే ఒకటి పసిగడుతుంది. టేపు అయిపోతే ఒకటి. శబ్దం పది సెకన్లు ఆగిపోతే ఇంకొకటి. మూడింటికీ కలిపి గంట మాత్రం ఒక్కటే. అది మోగినప్పుడల్లా రిజిస్టర్లో టైము రాసి, పక్కన కారణం రాయాలి. మొదటాయన ఆ గడిలో ‘తెలియదు’ అని రాశాడు. రెండో ఆయన ‘అందరికీ తెలిసిందే’ అని రాశాడు.

“చూడమ్మా,” అన్నాడు సూపర్వైజరు చేరిన రోజునే. “నాకు దెయ్యాలతో పేచీ లేదు. వాటికి నేను జీతం ఇవ్వను, వాటి పేరు రిజిస్టర్లో ఎక్కనివ్వను. కారణం లేని గంటలు మూడైతే నాలుగో రోజు నువ్వు రానక్కర్లేదు.”

“అలాగేనండి.”

మొదటి రాత్రి గంట మోగింది. అత్త పక్క గదిలోంచి వచ్చి చూసింది — ఏమీ లేదు.

రెండో రాత్రి మెషీను ఎదురుగానే కూర్చుంది. టేపు బిగువుగా ఉంది. ఎక్కడా తెగలేదు. చుట్టలో ఇంకా బోలెడు మిగిలి ఉంది. కళ్ళార్పకుండా చూస్తూనే ఉంది... టింగ్. దేవుణ్ణి తలుచుకుని, ఆ తర్వాత టైము రాసింది.

మూడో రాత్రి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అంతకు ముందెవరికీ ఆ బుద్ధి పుట్టలేదు.

నవల్లో ఒక తండ్రి ఎక్కడెక్కడో తిరిగి తిరిగి ఇంటికొస్తాడు. కూతురి గదిలోకి తొంగి చూస్తాడు. ‘మంచం ఖాళీగా ఉంది’ అని చదివి, మాస్టారు ఆగిపోయారు.

అత్త లెక్కపెట్టింది. ఎనిమిది... తొమ్మిది... పది... టింగ్. పదకొండో సెకనుకి మాస్టారు, ఏమీ జరగనట్టే, మళ్ళీ అందుకున్నారు.

అత్తకి ప్రాణం లేచొచ్చింది. ‘మాస్టారు ఆగారు’ అని కారణం రాసింది.

పొద్దున సూపర్వైజరు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. “పోయినాయన ఆగడమేంటి?”

“పోకముందు ఆగారండి. గొంతు పట్టేసినట్టుంది.”

“ఎవరికేం పట్టేసినా గంట గంటే. టేపు నీ చేతుల్లో ఉంది.”

“ఆ ముక్క కోసి అతికిస్తే...”

“అసలు టేపు మీద కత్తెర పడకూడదు. సెన్సరు సెకన్లు పెంచుదామనుకుంటావేమో, దానికి సీలుంది. ఇంకొక్క రాత్రి చూస్తా. మోగిందా, ఇంటికెళ్ళిపో.”

నాలుగో రాత్రి. రెండు దాటింది. అత్త మెషీను ముందు నిలబడి చేతులు జోడించింది. పక్క గదిలోవాళ్ళు వింటే నవ్వుతారని గొంతు తగ్గించింది.

“మాస్టారూ... మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. అక్కడికొచ్చేసరికి ఎవరికైనా మాట పెగలదు. కానీ మీరు పదకొండో సెకను దాకా ఆగితే నా పిల్లల చదువు ఆగిపోతుందండి. ఏడవద్దనను. మధ్యలో ఒక్కసారి... కాస్త దగ్గండి, చాలు.”

రెండుంపావు. చుట్టలు తిరుగుతున్నాయి. అత్త కళ్ళు గంట మీదే —

మోగలేదు.

రెండూ ఇరవై. మోగలేదు.

తెల్లారేదాకా అత్త ఆ హెడ్‌ఫోన్ల జోలికి పోలేదు.

“మోగలేదా?” అన్నాడు సూపర్వైజరు. ఆయన మొహంలో సంతోషమేమీ లేదు. “రోజూ మోగేది మోగలేదంటే అదీ లోపమే. సీలు ముట్టుకున్నావా? కారణం రాయి.”

అత్తకి అబద్ధం రాయడం చేతకాదు. ‘మాస్టారికి చెప్పుకున్నాను’ అని రాసింది.

ఆయన ముందు సీలు చూశాడు. చెక్కుచెదరలేదు. తర్వాత అసలు టేపు పెట్టుకుని విన్నాడు. పది సెకన్లు నిశ్శబ్దం, గంట మోగింది. రాత్రి తీసిన కాపీ పెట్టుకున్నాడు. వింటూ వింటూ తలెత్తాడు.

“ఇక్కడ దగ్గింది నువ్వా?”

“ఈ గదిలో మైకు లేదండి. ఆ మెషీను నుంచి ఈ మెషీనుకి తీగ ఒక్కటే.”

ఆయన వెనక్కి తిప్పి ఇంకోసారి విన్నాడు.

“మగ గొంతు,” అన్నాడు మెల్లగా, తనలో తానే.

హెడ్‌ఫోన్లు తీసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు. అత్త రాసింది కొట్టేశాడు. దాని పైన ‘దగ్గు’ అని తనే రాసి, సంతకం పెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ గదిలోకి రాత్రిపూట రాలేదు.

దేవుడి దయవల్ల అత్త ఆ ఉద్యోగం ఇరవై రెండేళ్ళు చేసింది. పిల్లలిద్దరూ చదువుకున్నారు. ఆ నవలకి మాత్రం గంట మళ్ళీ మోగలేదు.

ఊళ్ళకి పంపేముందు కాపీలన్నీ వినాలి కాబట్టి, మిగిలిన ముప్ఫై ఒక్కటీ అత్తే కూర్చుని విన్నది. అసలు టేపులో లేని ఆ దగ్గు అన్నిట్లోనూ ఉంది. కానీ ఏ రెండిట్లోనూ ఒకేలా లేదు.

ముసురు పట్టిన వారం తీసిన నాలుగింట్లో అయితే... మాస్టారికి జలుబు చేసినట్టే ఉందట.