తొమ్మిదికెంత తక్కువ

లెక్కల మాస్టారు డిటెక్టివ్ ఇచ్చిన నీళ్ళు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"పెట్టె తాళం పగల్లేదమ్మా. నోటుపుస్తకం మాత్రం లేదు. రేపు ప్రెస్సుకివ్వాలి."

పన్నెండేళ్ళకే పోయిన కూతురిది ఆ పుస్తకం. సంఖ్యలో ప్రతి అంకెనీ తొమ్మిదిలోంచి తీసేసి, వచ్చిన పూరకాన్ని పక్కన రాసి, రెండింటినీ భాగించేదేమిటో వెతికేది ఆ పిల్ల. 481ని 37 భాగిస్తుంది కాబట్టి దాని పూరకం 518నీ భాగిస్తుందని చూపించి గంతులేసింది. అందుకే మాస్టారు పెట్టెకున్న అంకెల తాళానికి 481 పెట్టుకున్నారు. మూశాక చక్రాల్ని 518 మీద వదిలేవారు, మర్చిపోతే తొమ్మిదిలోంచి తిప్పి లెక్కేసుకోవచ్చని. దొంగతనం తర్వాతా అవి 518 మీదే ఉన్నాయి.

డిటెక్టివ్ వెంటనే బయల్దేరింది. ఆమె తెలివికి పదేళ్ళుగా మురిసిపోతున్న బట్టతల అసిస్టెంటు వెంట నడిచాడు.

ఇంట్లో ఉండేది మరో ఇద్దరే. మాస్టారి తమ్ముడు అడక్కముందే గుట్టు విప్పేశాడు.

"లోపలేముందో చూద్దామని మొన్న చక్రాలు 518 మీదుండగానే లాగాను మేడమ్. చెయ్యి బెణికింది గానీ అది రాలేదు. మా అన్నయ్య బుర్రా అంతే, పెట్టే అంతే!"

మాస్టారి భార్య కిటికీ దగ్గర స్వెట్టర్ అల్లుతోంది.

"ఎంతవరకొచ్చిందమ్మా?" అంది డిటెక్టివ్.

"ఇంకా ముప్పైయేడు వరుసలు. వీపు భాగానికి మొత్తం తొంభైతొమ్మిది."

సూదికున్న, వరుసలు లెక్కపెట్టే చక్రం మీద 62 ఉంది. అసిస్టెంటు రాసుకున్నాడు, ఎందుకో తెలియకుండానే.

మధ్యాహ్నం అందర్నీ హాల్లో కూర్చోబెట్టింది డిటెక్టివ్.

"తమ్ముడుగారికి 518 తెలుసు, దాన్ని తిప్పడం తెలీదు. తీసినవాళ్ళకి తిప్పడమూ తెలుసు, మూశాక 518 మీద పెట్టాలనీ తెలుసు. రోజూ ఆ పెట్టె దుమ్ము తుడిచే మనిషికే ఆ అలవాటు తెలుస్తుంది. అమ్మా, మీ చక్రం మీద 62 ఉంటే మీరు తడుముకోకుండా 37 అన్నారు. అయింది కాదు, తొమ్మిదిలోంచి తీస్తే మిగిలింది చదువుతారు మీరు."

మేడమ్ లెక్క తప్పితే బాగుండునని అసిస్టెంటుకి మొదటిసారి అనిపించింది.

ఆవిడ సూదులు పక్కన పెట్టింది.

"దాచాను. ఈయన రోజుకో పేజీ దిద్దుతున్నారు. పిల్ల రాత రబ్బరుతో చెరిపి, పెన్నుతో తన లెక్క రాస్తున్నారు. దిద్దినకొద్దీ పుస్తకంలోంచి పిల్ల వెళ్ళిపోతోందండీ."

"తప్పులతో అచ్చేస్తే నలుగురూ దాన్ని చూసి నవ్వరూ?" అన్నారు మాస్టారు.

"నవ్వితే నవ్వనివ్వండి. నాకు దాని తప్పులూ కావాలి."

ఊలు సంచి అడుగునుంచి పుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. దిద్దని పేజీలు నాలుగే ఉన్నాయి. మొదటిదానిలో పెన్సిలుతో ఉంది: 'ఏ సంఖ్యకైనా, దాని పూరకానికీ, ఒకటి కాకుండా ఇంకో సామాన్య భాజకం ఉండి తీరుతుంది.'

100కీ దాని పూరకం 899కీ అలాంటిది లేదు. మాస్టారి చెయ్యి జేబులోని పెన్ను దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"ఈ నాలుగూ ఇలాగే అచ్చేయిద్దాం," అన్నారు.

"మరి చెరిపేసినవి?"

ఆయన ఒక దిద్దిన పేజీ తిప్పి, వెనకవైపు వేలితో తడిమారు. పిల్ల పెన్సిల్ నొక్కి రాసేది. చెరిపినా, ఆ నొక్కులతో కాగితం ఇంకా గరుగ్గా ఉంది.

"ఇలా రా," అని భార్య వేలు పట్టుకుని అక్కడ ఆనించారు.