గుంపుకి పదకొండు పేర్లు

నెల్లూరు ట్రంకురోడ్డు లాడ్జిలో మూడో అంతస్తు. ఉదయం ఏడున్నర. రూఫస్ సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతోనే వచ్చి తలుపు తీశాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ రెండుసార్లు దగ్గింది. ఒక తూటా గుండెలో, ఒకటి నుదుట దిగాయి.

రూఫస్ జీవితంలో తుపాకీ పట్టినవాడు కాదు. డిపార్ట్‌మెంట్‌కి భాషల నిపుణుడు. ఆరువారాలుగా ఆయన కుస్తీ పడుతున్న భాషని భూమ్మీద ఏ తల్లీ బిడ్డకి నేర్పలేదు. మొనదేలిన చెవులతో అడవుల్లో తిరిగే ఎల్ఫ్‌ల కోసం ఏదో విదేశీ ఆన్‌లైన్ గేమ్ కంపెనీ కూర్చుని కల్పించిన భాష అది. దాన్నే ఒక గూఢచారి ముఠా కోడ్‌గా వాడుకుంటోంది.

ఏజెంట్ తహీర్ వచ్చేసరికి నేలమీద నురగ ఇంకా ఆరలేదు. షేవింగ్ బ్రష్ పిడిలో చుట్టిపెట్టిన కాగితం దొరికింది. రూఫస్ చేతిరాత. తహీర్ ఒకసారి చదివి, శవం కళ్లు మూసి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాడు. సర్వీసులో చేరిన కొత్తలో తనకి అన్నం పెట్టినవాడు రూఫస్.

గంట తర్వాత బియ్యం గోడౌన్ మీది అద్దెగదిలో బ్రీఫింగ్. చీఫ్ ఆనందకుమారి కాగితం బల్లమీద పరిచింది.

"ఎల్ఫ్‌లకి అంకెలు లేవట. గుంపుకి మాత్రం పదకొండు పేర్లు. మనకి కావలసినవి మూడు. నువేల్ అంటే చూడ్డానికొచ్చిన జనం. ఇస్థార్ అంటే అందరూ ఒకే పనిమీద చెయ్యేసిన జనం. ద్రౌఖ్ అంటే చంపడానికి బయల్దేరిన మంద. రాత్రి దొరికిన మెసేజ్ ఇది, ఊరూ టైమూ మాత్రం మామూలు మాటల్లోనే ఉన్నాయి. జువ్వలదిన్నె, రేపు పదింటికి ఇస్థార్, పదకొండుకల్లా ద్రౌఖ్."

రేపు జువ్వలదిన్నె హార్బర్లో పెద్దల సభ ఉంది. పైవాళ్లు అదే టార్గెట్ అని తేల్చేసి, ఉన్న కమాండోలందర్నీ అక్కడే దించుతున్నారని ఆమె చెప్పింది.

"సభకొచ్చేది నువేల్ మేడమ్," అన్నాడు తహీర్.

అతను ఆ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి సిలార్ ముప్పై ఏళ్లుగా పడవలకి ఐసు తోలుతున్నాడు. పదిగంటల వేళ ఆ తీరాన ఒకే పనిమీద ఉండే గుంపు ఏదో అతనికి వేరే చెప్పనక్కర్లేదు. అలివి వల. తెల్లవారుతూనే పడవ వెళ్లి సముద్రంలో వల చుట్టేసి వస్తుంది. ఒడ్డున అరవైమంది రెండు తాళ్లు పట్టుకుని దాన్ని లాగుతారు.

పైవాళ్లు వినరని ఆనందకుమారికి తెలుసు. ఆమె ఇవ్వగలిగింది రెండే. మొదటిది సిగ్నల్ జామర్ దాచిన టిఫిన్ క్యారియర్. రెండోది సాహిరా. ముఠాలో మూడేళ్లుగా పాతుకుపోయిన మన డబుల్ ఏజెంట్.

మర్నాడు పొద్దున తీరానికి నల్లకారు వచ్చింది. రొయ్యల ఎక్స్‌పోర్టర్ వేషంలో సాహిరా దిగింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, అడుగుకొకసారి ఇసకలో కూరుకుపోయే హైహీల్స్. తీరం మొత్తం ఆమెనే చూసింది కాబట్టి లుంగీ కట్టుకుని తలకి తువ్వాలు చుట్టుకున్న తహీర్‌ని ఎవరూ చూడలేదు.

"ఐసు కరిగిందా?" అన్నాడతను.

"ఉప్పేశాం," అంది ఆమె. తర్వాత పెదవులు కదపకుండా గబగబా చెప్పేసింది. వల సంచి అడుగున వాటర్‌ప్రూఫ్ బాంబు కట్టారు. ఉప్పునీళ్లలో రిమోట్ పనిచేయదు. సంచి పైకి తేలగానే నొక్కుతారు. రిమోట్ తాడు లాగుతున్నవాళ్లలోనే ఒకడి దగ్గరుంది. వాడెవడో తనకీ చెప్పలేదు. బాంబు సిలార్ ఐసుపెట్టెలో వచ్చిందని, సిలార్ ఫొటో పెట్టి, వీడియో తయారుచేశారు. పేలిన పది నిమిషాల్లో అది ప్రతి ఫోన్‌కీ వెళుతుంది. చచ్చినవాళ్ల చుట్టాలు కత్తులు పట్టుకుని సాయిబుల వీధికి వెళతారు. అదే ద్రౌఖ్.

తహీర్ తల తిప్పి సాయిబుల వీధి వైపు చూశాడు. ఆ వేళప్పుడు తండ్రి ఒంటరిగా ఐసు మీద ఊక కప్పుతూ ఉంటాడు. వల ఆపించి జనాన్ని తరిమేయవచ్చు. కానీ రిమోట్ ఉన్నవాడు జారుకుంటాడు, దొరికిన బాంబుకి సిలారే దోషి అవుతాడు. మనిషే దొరకాలి.

తహీర్ నీటి అంచున పెట్టిన టిఫిన్ క్యారియర్ని మూడో అల ముంచేసింది. లక్షల రూపాయల జామర్ బుడబుడలాడి చచ్చింది. తహీర్ వెళ్లి తాడు మీద చెయ్యేశాడు.

"సిలార్ బాయి కొడుకువి గదా? లాగబ్బా, మీ నాయన పేరు నిలబెట్టు," అన్నాడు వలపెద్ద చిన్నపోలయ్య.

లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. అరవై ముఖాలూ వెతికాడు. అందరివీ ఒకటే చెమట, ఒకటే రొప్పు. ఎవణ్ణి అనుమానించాలో తెలియలేదు. గద్దలు సంచి మీద తిరగడం మొదలుపెట్టాయి. ఇంకో ఇరవై బారలు. జనం కేకలు వేస్తూ వెనక్కి వాలారు. అప్పుడు రెండో తాడు చివరనున్న ఒకడు చెయ్యి వదిలేసి, లుంగీకి చేతులు తుడుచుకుని, సరుగుడుతోపు వైపు నడిచాడు.

ఎవడు వాడని తహీర్ అడిగాడు.

"ఎవురో కొత్తోడు, కూలికొచ్చినాడు." చిన్నపోలయ్య ఉమ్మేశాడు. "సంచి గట్టెక్కేదాకా తాడు పట్టుకున్నోడికే వాటా. ఇంత దూరం లాగి ఇప్పుడు ఇడిసిపెట్టి పోయేవోణ్ణి పుట్టి బుద్ధెరిగినాక చూళ్ళేదబ్బా."

తహీర్ తాడు వదిలి పరిగెత్తాడు.

తోపు అంచున వాణ్ణి వెనకనుంచి పడగొట్టాడు. వాడు తిరగబడి కత్తి దూశాడు. మొదటి పోటు తహీర్ పక్కటెముకల్లో దిగింది. తహీర్ తలతో వాడి ముక్కు చితక్కొట్టాడు, కత్తి చేతిని సరుగుడు మొద్దుకేసి రెండుసార్లు బాదాడు. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. కానీ వాడి రెండో చెయ్యి అప్పటికే లుంగీ మడతలోంచి రిమోట్ తీసింది.

ఒడ్డున జనం అరిచారు. సంచి తేలింది.

వాడి బొటనవేలికీ బటన్‌కీ మధ్య తహీర్ తన వేలు దూర్చాడు. వాడు ఆ చేతిని పళ్లతో పట్టుకున్నాడు. మాంసం ఊడింది. తహీర్ వేలు తీయలేదు. వాడు ఇంకా గట్టిగా కొరుకుతుండగానే పిస్టల్ దగ్గింది. వాడి తల పక్కకి ఒరిగిపోయింది.

చెప్పులు ఎక్కడో పారేసి, వట్టికాళ్లతో సాహిరా నిలబడి ఉంది. వంగి శవం మొలలోంచి ఫోన్ లాగింది. వీడియో అందులోనే ఉంది, పంపలేదు. సిలార్ బతికాడు.

తహీర్ చూపు ఆమె పిస్టల్ మీదే ఆగిపోయింది. సైలెన్సర్.

"అవును," అంది ఆమె. "రూఫస్ గారిని కాల్చే పని నాకు అప్పగించి, ముఠావాడొకడు లాడ్జి మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. నేను కాల్చకపోతే మా ఇద్దర్నీ వాడే చంపేవాడు, ఈ బాంబు సంగతి చెప్పేవాళ్లుండరు. రూఫస్ గారు వాణ్ణి చూశారు, నన్ను చూశారు. కానివ్వమన్నట్టు తలూపారు తహీర్ గారూ."

ఆమెని అక్కడే చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఒడ్డున అరవైమంది నవ్వుతూ లాగుతున్నారు. తహీర్ ఆమె చేతిలోని ఫోన్ తీసుకుని హార్బర్లోని బాంబు స్క్వాడ్‌కి కబురు పెట్టాడు. తర్వాత ఇసకలో కూర్చుండిపోయాడు.

స్క్వాడ్ వచ్చి పని ముగించేసరికి పన్నెండయింది. బాంబైతే బాంబు, చేపలు పాడవుతాయని చిన్నపోలయ్య అక్కడికక్కడే వాటాలు వేశాడు. అందరికీ అందాయి. స్ట్రెచర్ మీదున్న తహీర్ దగ్గరికొచ్చి, చుట్ట తీసి, తల గోక్కున్నాడు.

"ఏమనుకోబాకబ్బా. సంచి గట్టెక్కకముందే తాడు ఇడిసినావు."