మూగకొన ఈల

పుంటా కయాదా అంటే మూగకొన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతినేల. పొద్దువాలాక అక్కడ నీళ్ళలో ఉన్నవాళ్ళకి ఈల వినబడుతుందనీ, ఆ ఈల విన్నవాడు బతికి బట్టకట్టడనీ మా తీరంలో బోర్డు పట్టిన ప్రతివాడికీ ముందు నేర్పే పాఠం. అలల మీద నిలబడడం ఆ తర్వాత.

ఈల పిలుస్తుందట... లోపలికి, ఇంకా లోపలికి రమ్మని. వినబడిందా — వెనక్కి చూడకుండా ఒడ్డుకి వచ్చెయ్యాలి. అంతే.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. అలల మీదకెళ్ళేవాళ్ళ చిరిగిన రబ్బరు సూట్లు అతికి బతికేదాన్ని. జిగురు అయిపోతే భయపడతాను గానీ దెయ్యాలకి భయపడే తీరిక నాకెక్కడిది? కానీ దనీట్సా చెప్పిందొకటి నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. విన్నది విన్నట్టు చెబుతాను.

దనీట్సా మా వీధిలో రొట్టెల కొట్టు వాళ్ళమ్మాయి. దాని అన్న యెర్కో. చిన్నప్పుడు ఇది ఎక్కడెక్కడో తిరుగుతుంటే సాయంత్రం టీకి వాడు ఈలేసి పిలిచేవాడు — రెండు పొట్టివి, కాస్త ఆగి ఇంకొకటి. ఇది ఏ సందులో ఉన్నా "వస్తున్నా!" అని అరిచేది. వీధి వీధంతా వినబడేది ఆ కేక.

ఆ యెర్కో పోయిన చలికాలం మూగకొన దగ్గరే పోయాడు.

వాడికి ఆ సముద్రం కొట్టిన పిండి. పెద్ద కెరటాలొస్తుంటే ఎదురుగా సముద్రం వైపే ఈదాలి, అవి విరగకముందే పైనుంచి దాటెయ్యాలి. ఒడ్డు వైపు తిరిగావో, సరిగ్గా నెత్తిమీద విరుగుతాయి. ఊళ్ళో సగంమందికి ఇది నేర్పింది వాడే. అలాంటివాడు ఒడ్డు వైపు ఈదుతూ బండలకి కొట్టుకుని పోయాడు.

తాగి దిగాడన్నారు. భయపడి పారిపోబోయాడన్నారు. ఆ మాటలు చెవిన పడి వాళ్ళమ్మ కొట్టు గడప తొక్కడమే మానేసింది. దనీట్సాకి తిండి సయించేది కాదు. అన్న ఎందుకు వెనక్కి తిరిగాడు? దానికి అదొక్కటే కావాలి.

ఏడాది తిరిగిన రోజు సూటు పట్టుకుపోవడానికి నా దగ్గరికొచ్చింది. ఫోన్లో అలల జోస్యం చూపించింది. అలల ఎత్తు రెండు మీటర్లు, సాయంత్రానికి గాలి పడిపోతుంది, అలకీ అలకీ మధ్య వ్యవధి ఇరవై సెకన్లు. ఈ కాలం వాళ్ళు ఎత్తు చూస్తారు, గాలి చూస్తారు, వ్యవధి చూసి ఏడిచేవాడేడీ? అంత వ్యవధి ఉందంటే అవి ఎక్కడో దూరాన దక్షిణాన పుట్టిన తుఫాను అలలు. వస్తే గుంపుగా వస్తాయి. గుంపుకీ గుంపుకీ మధ్య సముద్రం చచ్చినట్టు పడుకుంటుంది. ఆ పడుకోవడం చూసే మనుషులు మోసపోయేది. వెళ్ళొద్దని తిట్టాను.

"అన్న పోయిన రోజూ ఇదే జోస్యం పిన్నీ," అంది. "అందుకే వెళ్తున్నా."

అది దిగేసరికి ఎండ పోయింది. పొగమంచు నీళ్ళ మీదకి జారుతోంది. మా నీళ్ళ సంగతి చెప్పేదేముంది, సూటు లోపల కూడా వేళ్ళు కొయ్యబారిపోతాయి. సముద్రం చూస్తే చెరువులా ఉంది... ఒక్క అల లేదు. బోర్డు మీద కూర్చుని అన్న కోసం తెచ్చిన పూలు నీళ్ళలో వదిలింది. అవి కదలకుండా దాని మోకాళ్ళ దగ్గరే తేలుతున్నాయి.

ఎంతసేపని కూర్చుంటుంది? జోస్యం అబద్ధమనుకుంది. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే ఇక వెళ్దామని బోర్డు తిప్పబోయింది.

అప్పుడు —

ఒడ్డు దగ్గరి నల్లబండ వైపు నుంచి ఈల. పొడుగ్గా... ఊపిరి తీసుకోకుండా... ఒకటే ఈల.

బండ మీద ఎవరూ లేరు.

ఆ క్షణంలో దనీట్సాకి తెలిసిన విద్యంతా గాలికి పోయిందట. చిన్నప్పటి నుంచీ విన్న ఒకే ఒక్క మాట మిగిలింది — ఒడ్డుకి వచ్చెయ్. బోర్డు మీద బోర్లా పడి, కళ్ళు మూసుకుని ఒడ్డు వైపు ఈదడం మొదలుపెట్టింది. వెనక్కి చూడలేదు. చూడకూడదు కదా.

నాలుగు బారలు వేసిందో లేదో, వెనక నుంచి ఇంకో ఈల.

రెండు పొట్టివి... ఆగి... ఇంకొకటి.

ఈసారి బండ వైపు నుంచి కాదు. లోపలి నుంచి, నడి సముద్రంలోంచి.

చలికి బుర్ర పనిచెయ్యడం లేదనుకుంది. మళ్ళీ వినబడింది, ఈసారి కాస్త కోపంగా, టీ చల్లారిపోతుంటే వేసినట్టు. ఇక ఆగలేకపోయింది. వెనక్కి తిరిగింది.

మంచులో ఒక నల్లటి గీత... ఈ చివర నుంచి ఆ చివరకి. గీత కాదు, లేస్తున్న కెరటం. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

ఏడుస్తూనే బోర్డు సముద్రం వైపు తిప్పిందట. చేతులు ఊడిపోయేలా ఈదింది. మొదటిది దాటింది. రెండోదాని కొస మీంచి అవతలికి పడింది. మూడోది దాని పాదాల వెనకే విరిగింది. ఆ దెబ్బకి బోర్డు రెండు ముక్కలైంది, సూటు భుజం దగ్గర చిరిగింది. మనిషి మాత్రం మిగిలింది.

సముద్రం మళ్ళీ పడుకున్నాక, విరిగిన ముక్క పట్టుకుని పక్కనున్న సముద్రపు వంపులో ఒడ్డెక్కింది. అక్కడ సముద్రపు నాచు కోసుకునేవాళ్ళ గుడిసె ఉంది. ఎదెల్మీరా అనే పెద్దావిడ దీన్ని లోపలికి లాగి, పొయ్యి దగ్గర కూలేసి, చేతికి వేడి టీ ఇచ్చింది. దనీట్సా వణుకుతూ ఈల సంగతి చెబితే గుడిసెలో ఒక్కళ్ళూ ఉలిక్కిపడలేదట. ఆవిడైతే నాచు కట్టలు కట్టడం కూడా ఆపలేదు.

"అది మా పెద్దాయన, దోన్ సెఫెరీనో," అంది.

నాచు కోసేవాళ్ళు నడుం లోతు నీళ్ళలో వంగి ఉంటారు, వచ్చే కెరటం వాళ్ళకి కనబడదు. అందుకని ఒక మనిషి నల్లబండ మీద నిలబడి కాపలా కాస్తాడు. పొడుగు ఈల వేశాడంటే కత్తి వదిలేసి ఒడ్డెక్కెయ్యాలి. దోన్ సెఫెరీనో బతికినంతకాలం చేసింది ఆ పనే. పోయాకా మానలేదు. వీళ్ళు వింటారు, ఎక్కుతారు, అల పోయాక మళ్ళీ దిగుతారు. ఇందులో భయపడాల్సిందేముందని వాళ్ళకి ఆశ్చర్యం.

"మరి మాకెవరూ చెప్పలేదే," అంది దనీట్సా.

"మీవాళ్ళు మాతో ఎప్పుడు మాట్లాడారమ్మా? నాచు కంపని ముక్కు మూసుకుని పోతారుగా."

దనీట్సా అడిగింది, పోయిన చలికాలం తన అన్నకి కూడా ఆ ఈల వినబడిందా అని. ఎదెల్మీరా చేతిలో కట్ట అప్పుడు ఆగింది. వినబడిందట. ఈలకి వీళ్ళంతా బండెక్కేశారు. అక్కణ్ణించే చూశారట, ఆ అబ్బాయి ఒక్కసారి ఉలిక్కిపడి ఒడ్డు వైపు తిరగడం. ఎంత అరిచినా వినిపించుకోలేదట.

దనీట్సా మోకాళ్ళలో తలపెట్టుకుని ఏడ్చింది. వాడు తాగలేదు. అలకి భయపడలేదు. మేమంతా కలిసి నేర్పిన పాఠం నమ్మి చచ్చిపోయాడు.

దాని వీపు నిమురుతూ పెద్దావిడ మెల్లిగా అందట... "కానీ తల్లీ, రెండో ఈల ఎవరిదో మాకూ తెలీదు. దోన్ సెఫెరీనోకి పొడుగుదొక్కటే వచ్చు. ఇది పోయిన చలికాలం నుంచే మొదలైంది. లోపలి నుంచొస్తుంది. బోర్డుల వాళ్ళున్నప్పుడే వస్తుంది."

దనీట్సా ఆ రెండో ఈల సంగతి ఇంకా నోరెత్తనేలేదు.

ఎదెల్మీరా పెదాలు బిగించి వేసి చూపించింది. రెండు పొట్టివి... ఆగి... ఇంకొకటి.

"వస్తున్నా!" — దనీట్సా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, చిన్నప్పటి కేక.

గుడిసెలో అందరూ తలుపు వైపు చూశారు. బయట సముద్రం చప్పుడు కూడా లేదు.

ఆ రోజు నుంచి లోపలి ఈల ఇంకెవరికీ వినబడలేదు. దనీట్సా తల్లికి జరిగిందంతా చెప్పింది. ఆవిడ మళ్ళీ కొట్టులో కూర్చుంటోంది, ఆ మాటలన్నవాళ్ళ మొహం మీదే చెబుతోంది, నా కొడుకు పిరికివాడు కాడని. అంతవరకూ బాగానే ఉంది.

కానీ వ్యవధి ఎక్కువున్న సాయంత్రాల్లో దనీట్సా వెళ్ళి నల్లబండ మీద కూర్చుంటోంది. గీత కనబడగానే అన్న ఈల తనే వేస్తోంది. వాడు మానేశాడు కదా పిన్నీ, ఎవరో ఒకరు వెయ్యాలిగా అంటుంది. కాదనలేను.

నిన్న అతికిన సూటు తీసుకుపోవడానికి వచ్చింది. ఒక్కదానివే కూర్చుంటావు, భయం వెయ్యదా అని అడిగాను. సూటు భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగి, రహస్యంలా చెప్పింది.

"నేను ఈలెయ్యగానే లోపలి నుంచి 'వస్తున్నా' అంటాడు పిన్నీ. మొదట్లో చాలా దూరం నుంచి వినబడేది..."

ఆగింది.

"మొన్న బండ కిందే వినబడింది."